దేవణి ఆవు జమాఖర్చు

పాడి ఉన్న మన ఇళ్లలో దేవణి ఆవు పేరు తెలియనివారుండరు. ఆ దేవణి ఊరు ఒకప్పుడు మన బీదరు జిల్లాలోదేనంటే మాత్రం నేటి పిల్లలు నమ్మరు. హైదరాబాదు రాష్ట్రంలో ఉద్గీర్ తాలూకా బీదరు కిందే ఉండేది. 1956 నవంబరు 1న జిల్లాను మూడు ముక్కలు చేశారు. ఉద్గీర్, అహ్మద్‌పూర్, నిలంగా బొంబాయి రాష్ట్రానికి పోయాయి. నారాయణఖేడ్, జహీరాబాదు ఆంధ్రప్రదేశ్‌కు. బీదరు, భాల్కి, హుమ్నాబాదు, ఔరాద్ మైసూరుకు. జహీరాబాదు తాలూకాలో నిర్ణా సర్కిల్ ఒక్కటి ఇటే మిగిలింది. మా ఊరు ఆ సర్కిల్‌లోది. చుట్టాలంతా అటు, పొలం ఇటు.

పశువుల బేరాలకు మాత్రం ఆ సరిహద్దు అడ్డం రాలేదు. 1970లలో నా చిన్నతనాన కూడా కోడెలు కావాలంటే నాయన బీదరులో రైలెక్కి ఉద్గీర్ సంతకే పోయేవాడు. తువ్వాలు కింద వేళ్లు పట్టుకొని ధర తేల్చుకునేవారు. పక్కవాడికి అంకె తెలియదు. భాష మరాఠీ అయితేనేం, ఉర్దూ అయితేనేం, వేళ్లకు అదేం పట్టింపు? కొన్న జతను రెండు మూడు రోజులు నడిపించుకుంటూ ఇంటికి తెచ్చేవాడు. ఇంట్లో వాటితో మాటలన్నీ తెలుగే.

దేవణిలో మూడు రకాలు. ఒళ్లంతా తెల్లనిది బాలంక్య, తెల్లని ఒంటికి నల్లటి ముఖం ఉన్నది వన్నేర, నల్లమచ్చలది వాఘ్య. మా కొట్టంలో నాలుగు ఆవులు, రెండు బర్రెలు ఉండేవి. తెల్లవారకముందే లేచి లేగను విడిచి, ఆవు చేపగానే లాగి కట్టడం నా పని. లాగడం ఒక్క క్షణం ఆలస్యమైతే ఆ పూట సర్వ సగమే నిండేది. ఈనిన ఇంటి జున్ను వాడంతా పంచేవాళ్లం. పాలు అమ్మడమంటే అవ్వకు నామోషీ. నెయ్యి అమ్మితే తప్పులేదట! ఆ తేడా ఏమిటో నాకిప్పటికీ అంతుబట్టదు.

ఆ నెయ్యి, కందులు, పెసలు బండికెత్తి నాయన గాంధీ గంజ్‌కు తెచ్చేవాడు. అడత్ దుకాణంలో కాటా అయ్యాక పప్పు మిల్లుల్లో కంది పొట్టు, మరో చోట పల్లి చెక్క వేసుకొని తిరిగి వచ్చేవాడు. మనం అమ్మిన గింజ మీది పొట్టునే మనం మళ్లీ కొంటున్నామని నాకు తట్టింది బి.కాం. చదివేటప్పుడే.

కామర్సు చదివినవాణ్ణి గనుక జమాఖర్చు చూడక తప్పదు. దేవణి ఆవు ఒక ఈతకు సగటున తొమ్మిది వందల కిలోల లోపే పాలిస్తుంది. పాలు ఒక్కటే జమ చేస్తే నష్టం. అసలు జమ కోడెదూడ. నల్లరేగడిలో నాగలి లాగడానికి, బండి కట్టడానికి ఆ జాతికి సాటి లేదు. పాలు పైబడిన లాభం. ట్రాక్టరు రాగానే ఆ అసలు పద్దు కొట్టివేతకు గురైంది, పైలాభం ఒక్కటే మిగిలింది. దేవణి తగ్గిపోవడానికి విదేశీ జాతులను తిట్టేవారు ఈ సంగతి మరచిపోతారు.

1970లో ఆపరేషన్ ఫ్లడ్ మొదలైంది. కర్ణాటకలో 1974లో పాడి అభివృద్ధి సంస్థ ఏర్పడింది, అదే 1984లో పాల సమాఖ్య అయింది. ఊళ్లలో పాల సంఘాలు వచ్చాక అవ్వ నామోషీ కూడా పోయింది. కొలిచేది వెన్న, లీటరు. రెండింటిలోనూ దేవణి ఓడింది, ఒకదానిలో బర్రె చేతిలో, మరొకదానిలో హోల్‌స్టీన్ సంకరం చేతిలో. నేను బ్యాంకులో చేరిన కొత్తలో సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకం అప్పులు నడుస్తున్నాయి. చిన్నరైతుకు పావు వంతు, సన్నకారు రైతుకు మూడో వంతు సబ్సిడీ. బీమా కోసం పశువు చెవికి బిళ్ల కొట్టేవారు. పశువు చస్తే ఆ బిళ్ల తెచ్చి చూపితేనే డబ్బు. నా బల్ల మీదికి వచ్చిన ఆ దరఖాస్తుల్లో దేవణి పేరు చూసిన జ్ఞాపకం లేదు. అన్నీ బర్రెలు, సంకర ఆవులే.

2004 చట్టంతో పశువైద్య విశ్వవిద్యాలయం బీదరుకే వచ్చింది. భాల్కి తాలూకా కట్టితుగావ్‌లో దేవణి పరిశోధన కేంద్రం ఉంది. ఆ జాతి కోడెకు నాగలి తప్ప ఇంకేం పని చూపుతారన్నది నేను అక్కడివారిని అడగదలచిన ప్రశ్న. మా ఊళ్లో ఇప్పుడు దేవణి జత ఒక్కటే ఉంది. యజమాని దాన్ని జాతరలో బండి కట్టడానికి మేపుతున్నాడు.