వెబ్‌సైటు విభజన

వెబ్‌సైటు విభజన అనగా వందల లేదా వేల పేజీలు గల పెద్ద వెబ్‌సైటును డిజైన్ సాఫ్ట్‌వేరులో ఒకే ప్రాజెక్టుగా ఉంచక, అనేక చిన్న ప్రాజెక్టులుగా తయారుచేసి, చదువరికి మాత్రం ఒకే సైటుగా కనిపించేటట్లు కూర్చడం. పని వేగంగా సాగడం, పలువురు ఒకేసారి పనిచేయగలగడం దీని లాభాలు. ప్రాజెక్టుల మధ్య లంకెలు తెగిపోవడం, పేజీల రూపం ఒకదానితో ఒకటి పొసగకపోవడం ఇందులోని ముఖ్యమైన చిక్కులు.

నేపథ్యం

కోడు రాయనవసరం లేకుండా పేజీలను కూర్చే సాఫ్ట్‌వేర్లు 1990ల రెండవ భాగంలో వ్యాపించాయి. వెర్మీర్ టెక్నాలజీస్ రూపొందించిన ఫ్రంట్‌పేజీని 1996లో మైక్రోసాఫ్ట్ కొనుగోలు చేసింది. మాక్రోమీడియా సంస్థ డ్రీమ్‌వీవర్‌ను 1997లో విడుదల చేసింది; 2005లో ఆ సంస్థను అడోబీ కొన్నది. నెట్‌ఆబ్జెక్ట్స్ ఫ్యూజన్ కూడా ఆ కాలానిదే.

వీటిలో సైటును దాచే తీరు ఒకటి కాదు. ఫ్యూజన్ సైటు మొత్తాన్ని ఒకే ప్రాజెక్టు ఫైలులో ఉంచుతుంది. ఆ ఫైలు పెరిగేకొద్దీ పని మందగిస్తుంది. అది చెడిపోతే సైటంతా చిక్కులో పడుతుంది. డ్రీమ్‌వీవర్‌లో సైటు అనగా ఒక ఫోల్డరు. ఫ్రంట్‌పేజీలో పెద్ద వెబ్‌లోపల ఉపవెబ్‌లను ఏర్పరచే వీలుండేది.

విభజించే విధానాలు

సైటును సాధారణంగా మూడు విధాలుగా విడదీయవచ్చును.

విషయాన్ని బట్టి: చరిత్ర, భూగోళం, విద్య వంటి శాఖలకు వేర్వేరు ప్రాజెక్టులు. ఒక శాఖ నుండి మరొక శాఖకు లంకెలు తక్కువగా ఉన్నచోట ఇది అనుకూలం.

కాలాన్ని బట్టి: పత్రికలకు తగినది. గడచిన సంవత్సరం ప్రాజెక్టును మూసివేసి, కొత్త సంవత్సరానికి మరొకటి తెరుస్తారు.

బాధ్యతను బట్టి: ఒక్కొక్క ప్రాజెక్టు ఒక్కొక్కరి అధీనంలో ఉంటుంది. ఒకరు దిద్దినదానిని మరొకరు తెలియక చెరిపివేసే ప్రమాదం తగ్గుతుంది.

ఏ విధానమైనా సర్వరులో ఒక్కొక్క ప్రాజెక్టుకు ఒక్కొక్క ఫోల్డరును ముందుగా కేటాయించాలి. రెండు ప్రాజెక్టులు ఒకే ఫోల్డరులోకి ప్రచురిస్తే, ఒకే పేరుగల ఫైళ్ళలో మొదటిదానిని రెండవది తుడిచివేస్తుంది. మొదటి పేజీ, దాని లంకెలు ఒక ప్రధాన ప్రాజెక్టులో ఉండటం మంచిది.

లంకెలు

ఒకే ప్రాజెక్టులో పేజీ పేరు మార్చితే, దానికున్న లంకెలను ఇటువంటి సాఫ్ట్‌వేరు తానే సరిదిద్దగలదు. పక్క ప్రాజెక్టులోని పేజీలు దానికి తెలియవు. కావున ప్రాజెక్టుల మధ్య లంకెలను చేతితో రాయాలి, మారినప్పుడు చేతితోనే దిద్దాలి. ఇట్టి లంకెలను 'రెండు మెట్లు పైకి' అన్న తీరున కాక, సైటు మూలం నుండి మొదలయ్యే చిరునామాతో రాస్తే, అవి ఉన్న పేజీ వేరే ఫోల్డరులోకి మారినా చెడవు. అన్ని ప్రాజెక్టుల ముఖ్య పేజీల చిరునామాలను ఒక పట్టికగా రాసి ఉంచుకోవడం ఉపయోగకరం.

ఉమ్మడి అంశాలు

తలకట్టు, మెనూ, అడుగుభాగం అన్ని పేజీలలో ఒకే విధంగా ఉండాలి. డ్రీమ్‌వీవర్ టెంప్లేటును మార్చితే ఆ సైటులోని పేజీలే మారుతాయి; వేరే సైటుగా ఏర్పరచినవి మారవు. అందుచేత రంగులను, అక్షరాల తీరును సర్వరులోని ఒకే సీఎస్ఎస్ ఫైలులో ఉంచి, అన్ని ప్రాజెక్టుల నుండి దానినే పిలవాలి. మెనూను సర్వరే ప్రతి పేజీలో చేర్చే ఏర్పాటు ఉంటే, ఒకచోట దిద్దిన మార్పు అంతటా కనబడుతుంది.

తెలుగునాట ఉదాహరణ: తిరువూరు

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లోని 13 జిల్లాలు 26 అయ్యాయి. అప్పటివరకు కృష్ణా జిల్లాలో ఉన్న తిరువూరు ఎన్టీఆర్ జిల్లాలో చేరింది. జిల్లా వెబ్‌సైట్లు దేనికది వేరు. కాని వాటి ఉమ్మడి చట్రం నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ రూపొందించిన ఎస్ త్రీ వాస్. జిల్లాలు విడిపోయినప్పుడు ఊరి సమాచారమూ ఒక సైటు నుండి మరొక సైటుకు చేరాలి.

ఇక్కడే చిరునామా నిర్మాణం ముఖ్యమవుతుంది. చిరునామాలో 'కృష్ణా' తరువాత 'తిరువూరు' అని ఉంటే, జిల్లా మారగానే చిరునామా తప్పవుతుంది. తెలుగు వికీపీడియాలో వ్యాసం పేరు 'తిరువూరు' మాత్రమే. జిల్లాను వ్యాసంలోను, వర్గంలోను చూపుతారు కావున పాఠాన్ని, వర్గాన్ని దిద్దితే సరిపోతుంది. ఒకే పేరుగల ఊళ్ళు పెక్కు ఉన్నప్పుడు పేరు పక్కన మండలం పేరు చేరుస్తారు; ఆ పేరు మార్చవలసివస్తే పాత పేరు నుండి దారిమార్పు ఉంచుతారు. భాషాంతర లంకెలు మొదట ప్రతి వ్యాసంలోను విడివిడిగా ఉండేవి. 2013లో అవి వికీడేటాకు మారాయి. ఉమ్మడి అంశాన్ని ఒకేచోట ఉంచడం ఎంత శ్రమ తగ్గించునో దీనివలన తెలుస్తుంది.

తెలుగు పేర్లు గల చిరునామాలు

యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి. 'తిరువూరు' అన్న పదంలో గుణింతపు గుర్తులతో కలిపి 8 సంకేతాలు, అనగా 24 బైట్లు. చిరునామాను శాతం గుర్తులతో రాసినప్పుడు ఒక్కొక్క బైటు 3 అక్షరాలై మొత్తం 72 అవుతుంది. కావున ఫోల్డర్ల పేర్లు పొట్టిగా ఉండటం మేలు.

పాత చిరునామాలను కాపాడటం

పేజీని కదపక తప్పనప్పుడు సర్వరులో '301' అనే శాశ్వత దారిమార్పును ఏర్పరచాలి. లేనియెడల పుస్తకాలలో, ఇతర సైట్లలో ఉదహరించిన చిరునామాలు నిరుపయోగమవుతాయి. శోధనయంత్రాలకు అందించే సైటు పటం ఫైలు ఒక్కొక్కటి 50,000 చిరునామాల వరకు పట్టుతుంది. ప్రాజెక్టుకొక పటం చేసి, వాటన్నిటికీ ఒక సూచిక ఇవ్వవచ్చును.

సాఫ్ట్‌వేరు కూడా శాశ్వతం కాదు. ఫ్రంట్‌పేజీ 2006లో, అడోబీ గోలైవ్ 2008లో నిలిచిపోయాయి. అడోబీ మ్యూజ్‌కు మద్దతు 2020 మార్చిలో ముగిసింది; దాని ప్రాజెక్టు ఫైళ్ళను ఇతర సాఫ్ట్‌వేర్లు తెరవలేవు. అందువలన ప్రాజెక్టు ఫైళ్ళతో పాటు, ప్రచురించిన హెచ్‌టీఎంఎల్ పేజీలు, బొమ్మలు, చిరునామాల పట్టిక వేరొకచోట భద్రపరచుకోవాలి. సాఫ్ట్‌వేరు పోయినా పేజీలు మిగిలితే సైటును తిరిగి నిర్మించవచ్చును.

ఇవి కూడా చూడండి

తిరువూరు
ఎన్టీఆర్ జిల్లా
తెలుగు వికీపీడియా
యూనికోడ్