గుత్తి పేరు, గిద్దలూరు అడవి

గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన ఒక సాలీడుకు 1899లో లండన్‌లో పేరు పెట్టారు. పెట్టినాయన బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసే రెజినాల్డ్ ఇన్నెస్ పోకాక్. పెట్టిన పేరు పోయెసిలోథీరియా మెటాలికా. ఒళ్ళంతా మెరిసే నీలం, కాళ్ళ కీళ్ళ దగ్గర పసుపు. ఆయన ముందున్నది ఒకే ఒక్క నమూనా. ఆ తర్వాత వందేళ్ళు దాటినా అలాంటిది మరొకటి శాస్త్రజ్ఞుల కంటపడలేదు. చివరికి 2001లో అది బయటపడింది గుత్తిలో కాదు, నంద్యాలకూ మా గిద్దలూరుకూ మధ్య ఉన్న నల్లమలలో.

గిద్దలూరులో పిల్లలకు జువాలజీ చెప్పి రిటైరైనవాణ్ణి. ఈ సాలీడు కథను పాఠంగా చాలాసార్లు చెప్పాను. సిలబస్‌లో లేదు, అయినా చెప్పాను. పరిశోధనలో నిజాయితీ అంటే ఏమిటో ఇంతకంటే బాగా చూపే ఉదాహరణ నాకు తెలిసి ఈ చుట్టుపక్కల లేదు.

ముందు రైలు సంగతి. గుంటూరు నుంచి మార్కాపురం, కంభం, గిద్దలూరు మీదుగా గుంతకల్లు పోయే లైను ఆ రోజుల్లో మీటర్ గేజి. సదరన్ మరాఠా రైల్వే కంపెనీ నడిపేది.   గిద్దలూరు దాటితే దిగువమెట్ట, చెలమ, గాజులపల్లె... బండి కొండల్లో పడుతుంది. ఈ సాలీడు నేల మీద పుట్ట పెట్టదు, చెట్టు తొర్రల్లో కాపురముంటుంది. తొర్ర ఉన్న మానును నరికి బండికెత్తితే అదీ మానుతో పాటే ప్రయాణం కడుతుంది. గుత్తి నమూనా అలా రైల్లో వచ్చి ఉంటుందని తర్వాతివాళ్ళు భావించారు. గుత్తి అన్న మాట అబద్ధమేమీ కాదు, దొరికింది అక్కడే. కానీ దొరికిన చోటు వేరు, బతికే చోటు వేరు.

అందుకే మా వృత్తిలో లేబులంటే అంత పట్టింపు. ఒకసారి ఒక కుర్రాడు హార్లిక్స్ సీసాలో తేలును తెచ్చాడు. అంటించిన చీటీ మీద ‘నల్లమల’ అని ఒక్క మాట. ఏ బీటు? రాయి కిందా, బెరడు కిందా? ఏ తేదీ? ఎవరు పట్టారు? చివరి ప్రశ్న దగ్గర నీళ్ళు నమిలాడు. పట్టింది వాళ్ళ ఊరి గొర్రెల కాపరి. అయితే ఆయన పేరే రాయమన్నాను. కుర్రాడికి నచ్చలేదు, మార్కులు పోతాయేమోనని బెంగ. రాశాకే రికార్డు మీద సంతకం పెట్టాను. లేబులు లేని నమూనా సీసాలో ఉన్న శవం. తప్పుడు లేబులున్నదైతే ఇంకా ప్రమాదం.

లేబులు తర్వాత పేరు సంగతి. జంతువులకు పేర్లు పెట్టేవాళ్ళందరూ పాటించే అంతర్జాతీయ నియమావళి ఒకటుంది. 2000 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న నాలుగో కూర్పు చివర నీతి నియమావళి అని ఒక అనుబంధం ఉంది. మరొకడు ఫలానా జీవిని కొత్తదిగా గుర్తించాడని తెలిసీ వాడి కంటే ముందు నువ్వు పేరు పెట్టెయ్యకు. వాడికి చెప్పి కనీసం ఏడాది గడువివ్వు. ఎవరి మనసూ నొచ్చుకునే పేరు పెట్టకు. వాదనలో నోరు పారేసుకోకు. ఇంతవరకు బాగుంది. ఆఖరి అంశం మాత్రం గమనించాలి: వీటిని పాటించడం ఎవరి మనస్సాక్షికి వాళ్ళదే, విచారించే అధికారం కమిషన్‌కు లేదు. పోలీసులేని చట్టమన్నమాట. అయినా చాలామంది పాటిస్తారు. తోటివాళ్ళ ముందు తలెత్తుకు తిరగాలి కదా.

చిక్కేమిటంటే ఆ నియమాలన్నీ ఒక శాస్త్రజ్ఞుడి హక్కును మరో శాస్త్రజ్ఞుడి నుంచి కాపాడేవి. సాలీడును కాపాడే మాట వాటిలో లేదు. 2001 తర్వాత జరిగింది చూడండి. అడవి ఆచూకీ పదిమందికీ తెలిసింది. ఈ నీలం సాలీళ్ళు యూరప్, అమెరికాల్లో పెంపుడు జంతువుల బజారుకెక్కాయి. అక్కడ వీటిని పిలిచేది గుత్తి పేరుతోనే. 2008లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ దీన్ని తీవ్రంగా అంతరించిపోతున్న జీవుల జాబితాలో పెట్టింది. అప్పటి లెక్కన దీని తావు మొత్తం కలిపినా 100 చదరపు కిలోమీటర్లకు లోపే. అందులోనూ కలప నరుకుడు, వంటచెరకు కొట్టుడు. మిగిలిన తొర్రలకు గిరాకీ తోడైంది.

ఇది మా ఒక్కరి గోడు కాదు. చైనా దక్షిణాన ఒక బల్లికి 1999లో పేరు పెట్టి, దొరికిన చోటు అచ్చేశారు. కొన్నేళ్ళకే పట్టి అమ్మేవాళ్ళు ఆ చోటంతా ఊడ్చేశారని 2006లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. దాంతో 2015లో అదే ప్రజాతికి చెందిన మరి రెండు కొత్త బల్లులను వర్ణించినవాళ్ళు దొరికిన చోటును అచ్చులో రాయలేదు. నిన్నటిదాకా తప్పనిపించుకున్న పని నేడు ధర్మమైంది.

మనకూ చట్టాలొచ్చాయి. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం విదేశీయులు మన జీవుల మీద పరిశోధన చేయాలంటే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి కావాలి. కొత్త జీవి దొరికితే నమూనాను ప్రభుత్వం గుర్తించిన భాండాగారంలో పెట్టాలి. 2008లో డార్జిలింగ్ దగ్గర అనుమతి లేకుండా పురుగులు పడుతూ దొరికిన ఇద్దరు చెక్ కీటక పరిశోధకుల్లో ఒకరికి జరిమానా, ఒకరికి జైలుశిక్ష పడ్డాయి. వాళ్ళను వదలమని తోటి శాస్త్రజ్ఞులు లోకం నలుమూలల నుంచీ వినతులు పంపారు. వాళ్ళ బాధ నాకర్థమవుతుంది. కానీ అనుమతి అడగడం పరిశోధనకు అడ్డమన్న వాదన నాకు మింగుడుపడదు. ఇక 2019లో ఈ సాలీడు ప్రజాతి మొత్తం వన్యజీవుల వ్యాపారం మీది అంతర్జాతీయ ఒప్పందమైన సైటిస్ రెండో అనుబంధంలోకెక్కింది. పత్రం లేకుండా ఇప్పుడు సరిహద్దు దాటించడం నేరం.

మరి చోటు దాస్తే నిజాయితీ ఏమైనట్టు? పిల్లలు అడిగే ప్రశ్న ఇదే. నా జవాబు: లేబులు మీద అణువంత కూడా తగ్గించొద్దు, సీసా మ్యూజియంలో, కాగితం అటవీశాఖ దగ్గర ఉంటాయి. అచ్చులో మాత్రం స్థూలంగా రాయి, ఎందుకలా రాశావో కూడా రాయి. దాచానని చెప్పి దాచడం మోసం కాదు. తప్పుడు ఊరి పేరు రాస్తే మోసం. ఫోన్లో ఫొటో తీస్తే లొకేషన్ ఆపు. బొమ్మలోనే అక్షాంశ రేఖాంశాలు దాక్కుని పోతాయి.

ఆ మధ్య పెద్ద కెమెరాతో ఒకాయన వచ్చాడు. మర్యాదగానే మాట్లాడాడు. అడవి సంగతి కాకుండా సాలీడున్న చెట్టు సంగతే అడిగాడు. డీఎఫ్‌ఓ గారి అనుమతి కాగితం చూపించమన్నాను. లేదు. టీ ఇచ్చి పంపాను. ఆయన నేరుగా ఫారెస్టు వాచర్ దగ్గరికే పోయాడట, జేబులోంచి నోట్లు కూడా తీశాడట. వాచర్ నాతో అన్న మాట ఇది: ‘చూపిచ్చినాననుకో సార్, రేపు ఆ తొర్రలో ఏం జూపిచ్చేది?’

ఈ వాచర్ ఏ నియమావళీ చదవలేదు. నంద్యాల–గిద్దలూరు మధ్య అన్నంతవరకు ఇప్పటికే లోకమెరుగును, అంతకు మించి నేనూ రాయను. అయితే ఈ సాలీడు మీద రాబోయే ఏ పరిశోధన పత్రమైనా అలాంటి వాచర్లను అడిగి, ఒప్పుకుంటే పేరు పెట్టి చెప్పుకోవాలి. చివర్లో కృతజ్ఞతల వరసలో కాదు, సమాచారం ఎవరిదన్న చోటే.