వెండి తీగ అతుక్కునే క్షణం

కరీంనగర్ వెండి తీగపనిని మెచ్చుకునేవాళ్లంతా ముందు తీగ సన్నదనాన్నే మెచ్చుకుంటారు. కమ్మచ్చు బెజ్జాల్లోంచి వెండిని లాగి లాగి వెంట్రుకలా చేయడం, రెండు పోగులను కలిపి పురి పెట్టడం, దాన్ని చదును చేసి, కాస్త మందంగా ఉండే చట్రంలో మెలికలు మెలికలుగా అమర్చడం కంటికి కనిపించే పనులు. ఎలగందులలో వేళ్లూనుకుని కరీంనగర్‌లో నిలిచిన ఈ కళకు 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు కూడా జనం తీగ గురించే మాట్లాడుకున్నారు. కానీ తీగ నగల చరిత్రను కొంచెం లోతుగా చూస్తే అసలు విద్య అతుకులో ఉందని తెలుస్తుంది. తీగ లాగడం, పురి పెట్టడం వస్తువును చూసి కూడా ఊహించవచ్చు. మెలికకూ మెలికకూ మధ్య మంటలో జరిగేది మాత్రం, సరిగ్గా జరిగితే, వస్తువు మీద జాడే వదలదు. అందుకే తరం మారినప్పుడు మొదట చేజారేది అదే.

దీనికి కారణం వెండి స్వభావంలోనే ఉంది. మేలిమి వెండి 962 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. వెయ్యి పాళ్లలో 75 పాళ్లు రాగి కలిసిన వెండి, అంటే దుకాణాల్లో 925 అని అమ్మేది, 800 డిగ్రీలు దాటగానే మెత్తబడడం మొదలై 890 దాకా పూర్తిగా కరగదు. పైగా కాచిన కొద్దీ దాని మీద నల్లటి ఆక్సైడు పొర ఏర్పడి, లోహం లోహంతో కలవకుండా అడ్డుపడుతుంది. మేలిమి వెండికి ఆ బాధ లేదు, ఎర్రగా కాగినా తెల్లగానే ఉంటుంది. అందుకే మేలిమి తీగ కొసలు రెండింటినీ సందు లేకుండా ఆనించి, చుట్టంతా ఒకే తీరుగా కాస్తే టంకం అక్కర్లేకుండానే అవి కలిసిపోతాయి. పైపొర పాదరసంలా తళుక్కుమన్న క్షణంలో మంట తీసేయాలి. ఆలస్యమైతే కరిగిన లోహం తనలోకి తాను ముడుచుకుని గుండైపోతుంది. తీగ ఎంత సన్నమైతే ఆ గడువు అంత తక్కువ. మనం మెచ్చుకునే సన్నదనమే అతుకుకు పెద్ద పరీక్ష అన్నమాట.

వందల మెలికలున్న జాలీని ఇలా టంకం లేకుండా అతకడం అసాధ్యమనే చెప్పాలి. ఒక మూల కలిసేలోపు ఇంకో మూల ముద్దవుతుంది. కరీంనగర్ పనివాళ్లు నమ్ముకున్నది వెలిగారం, టంకం పొడి. వెండిలో రాగి పాలు పెరిగే కొద్దీ అది కరిగే వేడి తగ్గుతుంది. 72 పాళ్ల వెండికి 28 పాళ్ల రాగి కలిస్తే 780 డిగ్రీలకే నీరవుతుంది. అంటే తీగ కరగడానికీ టంకం కరగడానికీ మధ్య దాదాపు 180 డిగ్రీల ఎడం దొరుకుతుంది. పనివాడి నేర్పంతా ఆ ఎడంలోనే. వెలిగారం ఆక్సైడును కరిగించి దారి ఇస్తే, టంకం సన్నటి సందుల్లోకి తనంతట తాను పాకుతుంది. పొడి ఎక్కువైతే జాలీ కళ్లు పూడిపోయి పురి కనిపించదు, తక్కువైతే మెలిక ఊడుతుంది. ఎంత చల్లాలో కొలత పెట్టి చెప్పేది కాదు, చేతికి తెలియాలి.

ఆకృతి తెలిసినా అతుకు తెలియకపోతే ఏమవుతుందో ఇటలీ చరిత్ర చూపిస్తుంది. అక్కడి ఎట్రస్కన్లు క్రీస్తుపూర్వం 7వ శతాబ్దంలోనే పొడిరేణువుల్లాంటి బంగారు గుండ్లను నగల మీద వరసగా అతికారు. 1836లో చెర్వెతెరి దగ్గర బయటపడ్డ సమాధిలోని నగలు చూసి యూరప్ అబ్బురపడింది. రోములోని కాస్తెల్లానీ కుటుంబం ఆ నగలను తిరిగి చేయాలని దశాబ్దాలు శ్రమించింది. పాత పద్ధతులు మిగిలాయేమోనని పల్లెటూరి పనివాళ్లను వెతికి తెచ్చుకుంది. ఆకృతులు వచ్చాయి కానీ అత్యంత సూక్ష్మమైన గుండ్ల పని వాళ్లకు లొంగలేదు, టంకం వాటి చుట్టూ పేరుకుపోయేది. 1930లలో ఇంగ్లండులో లిటిల్‌డేల్ అనే ఆయన చూపిన మార్గం ఇది: రాగి లవణాన్ని జిగురుతో కలిపి గుండ్ల కింద రాస్తే, జిగురు మాడి బొగ్గవుతుంది, 850 డిగ్రీల దగ్గర ఆ బొగ్గు రాగిని లోహంగా మారుస్తుంది, 890 దగ్గర ఆ కాస్త రాగి బంగారంలో కలిసి గుండు కూర్చుంటుంది. టంకం వేసినట్టే కనిపించదు. మన నేలలోనూ ఈ కోవ పని ఉండేది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్న క్రీస్తుపూర్వం 1వ శతాబ్దపు బంగారు చెవిపోగుల జత బహుశా ఆంధ్ర ప్రాంతానిదేనని ఆ మ్యూజియం చెబుతోంది. రెక్కల సింహాన్నీ ఏనుగునూ గుండ్లతో, తీగ ముక్కలతో, రేకులతో కూర్చిన నగ అది. అంతటి పనితనం ఒక్కరి తెలివితో ఒక్క రోజులో పుట్టేది కాదు.

టంకం అంటే కల్తీయే కదా, దాన్ని విద్య అని పొగడడమేమిటని కొందరు అడగవచ్చు. ఈ అనుమానానికి పాత పునాది ఉంది. కౌటిల్యుడి అర్థశాస్త్రం కంసాలి మోసాలను ఐదు రకాలుగా విడదీసి చెబుతూ, తూకం మోసంతో పాటు హీనలోహం మీద మేలి రేకు అతికించడాన్నీ లెక్కవేసింది. మన కాలంలో కేడీఎం నగల కథా అలాంటిదే. రాగి టంకం వల్ల బంగారం మచ్చు తగ్గుతోందని, 92 పాళ్ల బంగారానికి 8 పాళ్ల కాడ్మియం కలిపిన టంకం వాడారు. 767 డిగ్రీలకే ఆవిరయ్యే కాడ్మియం కొన్నవాళ్లకు స్వచ్ఛతనిచ్చి, ఊదుగొట్టం ముందు కూర్చున్నవాళ్ల ఊపిరితిత్తులను, మూత్రపిండాలను దెబ్బతీసింది. అతుకును కేవలం స్వచ్ఛత లెక్కగా చూస్తే దాని ఖర్చు పనివాడి ఒంటి మీద పడుతుందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. లిటిల్‌డేల్ పద్ధతిలోనూ రాగి ఉంది. తేడా దాన్ని ఎంత పొదుపుగా, ఎక్కడ పెట్టాలో తెలియడంలో ఉంది. దాగిన హీనలోహం మోసం. కావలసిన చోట కావలసినంతే నిలిచిన టంకం పనితనం.

యంత్రాలు ఈ పనిని ఇంకా బాగా చేస్తాయన్నది రెండో అభ్యంతరం. గొలుసు కొక్కేల వరకు నిజమే, వేల కొక్కేలను యంత్రం ఒకే తీరుగా మూస్తుంది. లేజరు టంకం లేకుండానే చుక్క చుక్కగా అతుకుతుంది. ఆ మేలు కాదనను. కానీ జాలీలో వందల చోట్ల తీగ తీగను తాకుతుంది, పనివాడు వాటన్నింటినీ ఒక్క కాపుతో కలుపుతాడు. చుక్కలు లెక్కపెట్టుకుంటూ పోయే లేజరుకు అక్కడ పెద్ద లాభం లేదు. మైనపు అచ్చులో పోత పోసిన జాలీ చవకే, కానీ కరిగిన లోహం ప్రతి మూలకూ చేరాలంటే పోగులు లావుగా ఉండాలి. పురిలోని పదును మొద్దుబారుతుంది.

కాబట్టి కరీంనగర్ పనికి ముప్పు యంత్రం కంటే తూకం వైపు నుంచి ఎక్కువ. వెండి వస్తువును గ్రాముల లెక్కన కొనడం, మజూరీని కూడా బరువును బట్టి కట్టడం మనకు అలవాటు. తీగపనిలో ఆ లెక్క తలకిందులవుతుంది. అదే కొలతల పళ్లెంలో తీగ సన్నబడే కొద్దీ బరువు తగ్గుతుంది, అతుకులు పెరుగుతాయి, చెడిపోయే ప్రమాదమూ పెరుగుతుంది. గ్రాముకు కట్టే మజూరీ అందుకే లావు తీగకూ తక్కువ మెలికలకూ బహుమతి ఇస్తుంది. నెలల తరబడి కుంపటి ముందు కూర్చుని నేర్చుకున్న చేతికి శిక్ష వేస్తుంది. శిక్షణ కేంద్రాలు, ఎంపోరియాలు వస్తువు ధరలో వెండి విలువను ఒకచోట, అతుకు పని వెలను వేరే చోట విడిగా రాసి చూపిస్తే, కొనేవాడికి తాను దేనికి డబ్బు ఇస్తున్నాడో తెలుస్తుంది, నేర్చుకునే పిల్లలకు సన్న తీగ పట్టుకోవడానికి ఒక కారణం దొరుకుతుంది.