అనంత మెట్ట సేద్యం: పలుపంటల నుంచి మళ్లీ పలుపంటలకు

ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున కురిసేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. నేలలు చాలావరకు ఎర్రనేలలు, పదును ఎక్కువ రోజులు నిలవదు. వానను బట్టి సేద్యం మార్చుకోవడం ఇక్కడి చిన్నరైతుకు తాతల నాటి విద్య. మధ్యలో ఒకటి రెండు తరాల పాటు ఆ విద్య మరుగున పడింది.

1876–78 నాటి ధాత కరువు రాయలసీమను కుదిపేసింది. అలాంటి కరువుల మధ్య బతికిన మెట్ట సేద్యం ఒక్క పంటను నమ్ముకోలేదు. కొర్ర, జొన్న, సజ్జ, కంది, అనుము, ఆముదం సాళ్లు మార్చి వేసేవారు. వాన ముందే ముగిస్తే మూడు నెలల కొర్ర దక్కేది. ఆలస్యంగా పడితే లోతుగా వేరు దిగే కంది నిలిచేది. అదను దాటితే ఉలవ చల్లేవారు. ఉత్తర కార్తెకూ వాన లేక అదీ కుదరకపోతే ‘ఉత్తర చూసి ఎత్తర గంప’ అన్నట్టు వలస తప్పేది కాదు.

1960ల తర్వాత చెనక్కాయ (వేరుశనగ) చేలు విస్తరించాయి. నూనె మిల్లుల గిరాకీ వల్ల చేతికి రొక్కం వచ్చేది, పశువులకు మేతగా కట్టె దొరికేది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం రావడంతో ఇంటి తిండికి కొర్ర పండించాల్సిన అవసరం తగ్గింది. 1986 నాటి నూనెగింజల మిషన్ ఆ ఒరవడిని ఇంకా పెంచింది. అయితే చెనక్కాయకు ఒక గండం ఉంది. పూత తర్వాత కాయ కట్టే ఊడ నేలలోకి దిగాలి. ఆ రెండు మూడు వారాల్లో పైమన్ను గట్టిపడితే ఊడ బయటే ఎండిపోతుంది. పచ్చగా కనిపించే చెట్టును పీకితే కాయలుండవు. వానకూ వానకూ మధ్య ఎడం పెరిగేకొద్దీ ఈ గండం తరచూ ఎదురైంది. 2000లో వైరస్ తెగులు లక్షల ఎకరాల్లో పంటను దెబ్బతీసింది. నీళ్ల కోసం బోరు మీద బోరు వేసినవాళ్లకు అప్పులు మిగిలాయి.

అక్కడి నుంచి రైతులు మళ్లీ దారి మార్చుకుంటూ వచ్చారు. కొన్ని గ్రామాల్లో వాననూ బోర్లలో నీటిమట్టాన్నీ తామే కొలిచి, ఉన్న నీటికి సరిపోయే రబీ పంటలు ఎంచుకున్నారు. చెన్నేకొత్తపల్లి ప్రాంతంలో 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ చిరుధాన్యాల సేంద్రియ సాగును, రైతుల సహకార సంఘం ద్వారా అమ్మకాన్ని ఒకచోటికి తెచ్చింది. 2016లో మొదలైన రాష్ట్ర ప్రభుత్వ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో భాగంగా తర్వాతి ఏళ్లలో వానకు ముందే నవధాన్యాలు వేయడం మొదలైంది. విత్తనాలకు బంకమట్టి, బూడిద, బీజామృతం పట్టించి పొడి దుక్కిలోనే వేస్తారు. తొలి వానలకు మొలిచిన పైరు నేలకు నీడవుతుంది.

ఇలా తాతల నాటి ఆలోచనకు కొత్త పద్ధతి తోడైంది. నష్టాన్ని పది పంటలకు పంచినప్పుడే చిన్నరైతు నిలబడతాడు. కానీ సంత కలిసిరాకపోతే ఆ నేర్పు ఒక్కటే సరిపోదు. కేంద్రం మద్దతు ధర ప్రకటించే పంటల్లో రాగి, జొన్న, సజ్జ ఉన్నాయి, కొర్ర లేదు. కరువును తట్టుకునే పంటకు ధర లేకపోతే రైతు మళ్లీ రొక్కం వచ్చే ఒక్క పంటకే మళ్లుతాడు. వాతావరణాన్ని తట్టుకునే సేద్యం కావాలంటే కొర్రకు మద్దతు ధర, ఊళ్లోనే కొనుగోలు, కౌలు రైతుకూ అందే బీమా ప్రభుత్వం కల్పించాలి.