గుద్దిన గని, పడ్డదా?

మన ఘన్‌పూర్ దిక్కు పెద్దవాళ్లు ఇప్పటికీ ఓటు వేశామనరు, గుద్దినమంటారు. స్వస్తిక్ ముద్రను ఇంకులో అద్ది కాగితం మీద గుద్దిన రోజుల మాట అది. ముద్ర రెండు గుర్తుల మీదా పడితే ఆ ఓటు చెల్లదు.

2004 ఏప్రిల్‌లో లోక్‌సభకు, శాసనసభకు కలిపి ఎన్నికలు జరిగినప్పుడు ముద్ర పోయి మీట వచ్చింది. పంతులుగా నాకు వేరే మండలంలోని బడిలో పోలింగ్ డ్యూటీ పడింది. గది మాత్రం మనం ఎక్కాలు అప్పజెప్పిన గదిలాగే ఉంది. ఒక ముసలమ్మ అట్ట చాటు నుంచి వచ్చి, "సారూ, గుద్దిన గని, నా ఓటు పడ్డదా?" అని అడిగింది.

"కుయ్‌మని మోగింది కదవ్వా, పడ్డది."

"మోగుడు ఇన్న. మరి కాయిదమేది?"

నా దగ్గర జవాబు లేదు. వెనక వరుస పెరుగుతోంది, పొమ్మన్నాను.

ఆ యంత్రం మనకు పరాయిది కాదు. ఎ.ఎస్. రావు గారి సారథ్యంలో 1967లో హైదరాబాద్‌లో మొదలైన ఇ.సి.ఐ.ఎల్. సంస్థే 1979లో దాని నమూనా తయారుచేసింది. తర్వాత బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ కూడా తోడైంది. 1982 మేలో కేరళలోని పరవూర్‌లో 50 కేంద్రాల్లో తొలిసారి వాడారు. అక్కడ 123 ఓట్ల తేడాతో ఓడిన ఎ.సి. జోస్ కోర్టుకెక్కారు. చట్టంలో యంత్రం మాటే లేదని సుప్రీంకోర్టు 1984లో ఆ కేంద్రాల్లో కాగితాలతో మళ్లీ పోలింగ్ పెట్టించింది. ఈసారి జోస్ గెలిచారు! 1988 డిసెంబరులో చట్టం సవరించాకే యంత్రానికి దారి దొరికింది.

ఇక మీట సంగతి. ఇంటి లైటు స్విచ్ వేసిన చోటే నిలుస్తుంది. ఇది అలా కాదు, నొక్కినంతసేపే కలుస్తుంది, వదిలితే విడిపోతుంది. రేడియో షాపులో ట్యాక్ట్ స్విచ్ అని అడిగితే ఇచ్చే చిన్న మీటలో బోర్లించిన గిన్నె లాంటి సన్నని లోహపు రేకు ఉంటుంది. నొక్కగానే అది లోపలికి కుంగి, టిక్కుమని వేలికి తెలుస్తుంది. ఆ క్షణంలో రేకు అదురుతుంది, కరెంటు పలుమార్లు తెగి కలుస్తుంది. దాన్ని ఒక్క నొక్కుగానే లెక్కించేలా సర్క్యూట్‌ను తీర్చాలి. ఓటు యంత్రంలో మరో కట్టడి ఉంది. మొదటి నొక్కుతో ఓటు నమోదై యంత్రం బిగుసుకుంటుంది. అధికారి తన దగ్గరి బ్యాలెట్ మీట మళ్లీ నొక్కేదాకా ఎన్నిసార్లు గుద్దినా రెండో ఓటు పడదు.

ఇదంతా చెప్పినా ఆ అవ్వకు తృప్తి కలిగేది కాదు. ముద్ర వేసినవాడు తన గుర్తును తన కళ్లతో చూసుకునేవాడు. ఆమె అడిగింది అదే. ఓటరుకు కాగితం కనబడాలని సుప్రీంకోర్టు 2013 అక్టోబరు 8న చెప్పింది. 2018 డిసెంబరు శాసనసభ ఎన్నికల్లో మీట నొక్కాక పక్క పెట్టె అద్దంలో నా చీటీ 7 సెకన్లు కనబడి కింద పడింది. అప్పటికి ఆమె అడిగి 14 ఏళ్లయింది.