లెక్కకు రాని లక్షమంది

మహిళల ఫుట్‌బాల్ ప్రపంచకప్పు ఎప్పుడు మొదలయిందని ఎవరైనా అడిగితే, 1991లో, చైనాలో అని తడుముకోకుండా చెప్పేవాణ్ణి. ఫిఫా పుస్తకాలలో ఉన్నదీ అదే. (కాలిబంతి అనాలని ఎంత ఉన్నా కలం ఫుట్‌బాల్ అనే రాస్తోంది. భాషాభిమానులు మన్నింతురు గాక!) 2023లో వచ్చిన ‘కోపా 71’ అనే డాక్యుమెంటరీ చూశాక ఆ జవాబు చెప్పడానికి నోరు రావడం లేదు. 1999 ఫైనల్లో పెనాల్టీ కొట్టి అమెరికాను గెలిపించిన బ్రాండీ చాస్టెయిన్ సైతం ఆ పాత దృశ్యాలు చూసి నివ్వెరపోతుంది అందులో.

ఆ దృశ్యాలు 1971 నాటివి. అంతకు ముందు ఏడాది పెలే ఆడిన మెక్సికో నగరపు అజ్టెకా మైదానం. మెక్సికో, అర్జెంటీనా, ఇంగ్లండు, డెన్మార్కు, ఫ్రాన్సు, ఇటలీ దేశాల స్త్రీలు అక్కడా, గ్వాదలహారాలోనూ తలపడ్డారు. ఆడవాళ్ళ ఆట కదా అని గోలు స్తంభాలకు గులాబీ రంగు పూశారు. నిర్వాహకులకు ఆటపై ఉన్న నమ్మకం అంతమాత్రం! సెప్టెంబరు 5న జరిగిన ఫైనల్లో డెన్మార్కు 3-0తో ఆతిథ్య జట్టును ఓడించింది. మూడు గోల్సూ సుసానే అగస్టెసెన్ అనే పదిహేనేళ్ళ బాలికవే. చూసినవారు దాదాపు 1,10,000 మంది. 2022లో బార్సిలోనాలో ఒక క్లబ్బు పోటీకి 91,648 మంది వస్తే మహిళల ఫుట్‌బాల్‌లో అది ప్రపంచ రికార్డని రాశారు. మరి ఆ లక్షా పదివేలమంది ఏమైనట్టు?

ఆ పోటీలను నడిపింది ఫిఫా కాదు, ఇటలీ కేంద్రంగా ఏర్పడిన ఒక స్వతంత్ర సమాఖ్య. కనుక అవి లెక్కలోకి రావు. నియమం నియమమే అని ఊరుకుందును గానీ, ఇంకొక సంగతి నన్ను ఊరుకోనివ్వలేదు. ఫిఫా గుర్తించిన తొలి మహిళా అంతర్జాతీయ ఆట 1971 ఏప్రిల్ 17న ఫ్రాన్సులోని ఆజ్‌బ్రూక్ అనే చిన్న పట్టణంలో జరిగింది. ఫ్రాన్సు 4-0తో నెదర్లాండ్సుపై గెలిచింది. ఆ ఆట దేనికోసమనుకున్నారు? మెక్సికో పోటీలకు అర్హత కోసమే! గడప చరిత్రలోకి ఎక్కింది, ఇల్లు ఎక్కలేదు.

ఇంగ్లండు కథ మరీ చేదు. 1920 క్రిస్మస్ మరునాడు లివర్‌పూల్‌లో స్త్రీల ఆటకు 53,000 మంది వచ్చారు. మరుసటి ఏడాది డిసెంబరు 5న అక్కడి ఫుట్‌బాల్ సంఘం ఈ ఆట స్త్రీలకు తగదని తీర్మానించి తన క్లబ్బుల మైదానాలను వారికి మూసేసింది. ఆ తలుపులు తెరుచుకోవడానికి అర్ధశతాబ్దం పట్టింది. తెరుచుకుంటున్న ఆ రోజుల్లోనే మెక్సికో వెళ్ళి వచ్చిన అమ్మాయిలకు, వారిలో పదమూడేళ్ళ లియా కేలెబ్ కూడా ఉంది, స్వదేశంలో దొరికినది నిషేధం. విధించినది మగవారి సంఘం కాదు, అప్పుడప్పుడే పుట్టిన మహిళా ఫుట్‌బాల్ సంఘం. గుర్తింపు కోసం ప్రాకులాడేవారు గుర్తింపు లేనివారిపట్ల ఎంత కఠినంగా ఉంటారో!

ఆ ఇంగ్లండు జట్టునే ఆగస్టు 21న అర్జెంటీనా 4-1తో ఓడించింది. నాలుగు గోల్సూ ఎల్బా సెల్వావి. ఫిఫా లెక్కలో లేని ఆ తేదీని అర్జెంటీనాలో ఇప్పుడు ఫుట్‌బాల్ క్రీడాకారిణుల దినంగా జరుపుకుంటున్నారు.