విద్యుత్పోత: తీగతో లోహవస్తువులను నిర్మించు విధానము - చరిత్ర

లోహముతో వస్తువులను చేయుటకు పూర్వమునుండి మూడు మార్గములు ప్రసిద్ధములు. కరగించి అచ్చులో పోయుట మొదటిది. కాల్చి సుత్తితో సాగగొట్టుట రెండవది. దిమ్మెనుండి అక్కరలేని భాగమును చెక్కివేయుట మూడవది. ఈ మూటికిని చెందని నాల్గవ మార్గమొకటి నేడు కర్మాగారములలో వ్యాపించుచున్నది. లోహపు తీగను విద్యుచ్చాపపు వేడిమిచే కరగించి, వరుసపై వరుసగా పేర్చి, అచ్చు లేకయే పెద్ద వస్తువును నిలువబెట్టుటయే ఆ మార్గము. దీనిని కంప్యూటరు యుగమున పుట్టిన సరిక్రొత్త విద్యగా పలువురు భావింతురు. చరిత్రను పరిశీలించినచో ఈ అభిప్రాయము సగము మాత్రమే నిజమని తేలును. విద్య నూరేండ్లకు పైబడినది. దానిపై విశ్వాసము కుదురుటయే క్రొత్త.

రెండు విద్యుద్వాహకములను దగ్గరగా చేర్చి కొంచెము ఎడము చేసినప్పుడు, ఆ సందున గాలిగుండ ప్రవహించు విద్యుత్తు ప్రచండమైన వెలుగును, వేల డిగ్రీల వేడిమిని పుట్టించును. ఇదియే విద్యుచ్చాపము. రష్యాలో వసీలీ పెత్రోవ్ 1802లో దీనిని కనుగొనెను. ఇంగ్లండులో హంఫ్రీ డేవీ ఆ శతాబ్దపు తొలి సంవత్సరములలోనే దీనిని ప్రదర్శించెను. చిరకాలము ఇది దీపములకు మాత్రమే ఉపయోగపడినది. 1881లో రష్యా సామ్రాజ్యమునకు చెందిన నికొలాయ్ బెనార్దోస్ బొగ్గుకడ్డీతో చాపమును కల్పించి లోహములను అతుకుట సాధించెను. ఈ పద్ధతికి ఆయనకును, ఒల్షెవ్‌స్కీకిని 1887లో అమెరికా పేటెంటు లభించినది.

ప్రస్తుత విషయమునకు నిజమైన మూలపురుషుడు పెర్మ్ నగరపు ఫిరంగి కర్మాగారములందు పనిచేసిన నికొలాయ్ స్లావ్యానోవ్. 1888లో ఆయన బొగ్గుకడ్డీకి బదులు లోహపు కడ్డీనే వాడెను. చాపమును నిలుపు కడ్డీయే కరగి వస్తువులో భాగమగుట ఇందలి విశేషము. వేడిమిని కలిగించునదియు, ద్రవ్యము నిచ్చునదియు ఒక్కటే అయ్యెను. ఆయన ఈ ప్రక్రియకు ‘లోహముల విద్యుత్పోత’ యని పేరిడుట గమనింపదగినది. 1893లో షికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనమునకు ఆయన ఎనిమిది లోహములను, మిశ్రలోహములను ఒకదానిపై నొకటి పోసి చేసిన గ్లాసు ఆకారపు వస్తువును పంపెను. అది రెండు ముక్కల అతుకు కాదు. చాపముతో నిర్మించిన వస్తువు.

తరువాతి మెట్టు అమెరికాలో కనబడును. వెస్టింగ్‌హౌస్ సంస్థకు చెందిన రాల్ఫ్ బేకర్ 1920లో దరఖాస్తు పెట్టి, 1925లో పేటెంటు పొందెను. కరగు ఎలక్ట్రోడుతో లోహమును పొరలుగా పేర్చి అలంకార వస్తువులను చేయుట ఆ పేటెంటులోని విషయము. నేటి పద్ధతికిని దీనికిని మూలసూత్రమున భేదము లేదు. అయినను నాడు ఈ విద్య వృద్ధి పొందలేదు. దీనికి కారణములు స్పష్టములు. చేతితో పట్టిన కడ్డీ నిలకడగా నడువదు. కరగిన లోహము గాలిలోని ప్రాణవాయువును, నత్రజనిని పీల్చుకొని పెళుసుబారును. అట్టి లోహమును ఆభరణమునకు నమ్మవచ్చును గాని, బరువు మోయు యంత్రభాగమునకు నమ్మరాదు.

ఈ అవిశ్వాసము నిరాధారమైనది కాదు. 1943 జనవరిలో అమెరికాలోని పోర్ట్‌లాండు రేవున, నిశ్చలజలములందు నిలిచియున్న ‘స్కెనెక్టడీ’ యను క్రొత్త వెల్డింగు నౌక హఠాత్తుగా రెండుగా చీలెను. ఉక్కు నాణ్యతయు, అతుకుల లోపములును ఇందుకు కారణములని పరిశోధకులు తేల్చిరి. ఇట్టి ప్రమాదముల వలననే అతుకులోహపు గుణములను లోతుగా పరిశీలించు శాస్త్రము బలపడినది. పూతపూసిన కడ్డీలు, పొడిక్రింద మండు చాపము, చాపము చుట్టు రక్షకవాయువును ప్రసరింపజేయుట మొదలగు సాధనములు ఇరువదవ శతాబ్దపు పూర్వార్ధముననే ఏర్పడినవి. చుట్టనుండి తీగ ఎడతెగక తనంతట వచ్చు యంత్రములును వెలసినవి. ఇవన్నియు అతుకుటకై పుట్టినను, నిర్మాణమునకును త్రోవ చూపినవి. 1980 ప్రాంతములందు పశ్చిమ జర్మనీలో అణువిద్యుత్కేంద్రములకు తగిన భారీ ఉక్కుభాగములను కేవలము అతుకులోహముతోనే నిర్మించిరి. వానిలో ఒకటి 79 టన్నుల బరువు గలది.

ఇందలి కష్టమును గ్రహించుటకు మన పల్లెలలోని మట్టిగోడ చక్కని ఉదాహరణము. గోడ పెట్టువారు ఒక వరుస వేసి, అది ఆరిన పిమ్మటనే రెండవ వరుస వేయుదురు. తొందరపడినచో క్రిందిది క్రుంగును. లోహమునందును అంతే. క్రిందివరుస తగినంత చల్లారకున్న పైవరుస జారును. అంతేకాక, చల్లారునపుడు ప్రతి వరుసయు ముడుచుకొని క్రిందిదానిని లాగును. ఆ బిగువు పేరుకొని వస్తువు వంగును, ఒక్కొక్కప్పుడు పగులును. ఇంగ్లండులోని క్రాన్‌ఫీల్డు విశ్వవిద్యాలయమువారు వరుసవరుసను రోలరుతో నొక్కి ఈ బిగువును తగ్గించు మార్గమును పరిశోధించిరి. తీగతో కట్టిన వస్తువు పైభాగము గరుకుగా నుండును గనుక తుది చెక్కడము తప్పదు. ఐనను గంటకు అనేక కిలోల లోహమును పేర్చగలుగుట దీని బలము. విమానములకు వాడు టైటానియము వంటి ఖరీదైన లోహమునుండి అధికభాగమును చెక్కి పారవేయు నష్టము దీనిచే తగ్గును.

కంప్యూటరును, రోబోటును తోడైన పిమ్మట ఈ విద్య పరీక్షలకు నిలువసాగినది. 2017లో నెదర్లాండ్సులో కంచుజాతి మిశ్రలోహముతో 298 పొరలుగా నిర్మించిన ఓడ చోదకచక్రమును బ్యూరో వెరిటాస్ సంస్థ పరీక్షించి ఆమోదించెను. దాని వ్యాసము 1,350 మిల్లీమీటర్లు. ఆ సంవత్సరమే తీగతోను, ప్లాస్మా చాపముతోను చేసిన టైటానియము భాగములు బోయింగు 787 విమానమునందు వాడుటకు అమెరికా విమానయాన శాఖ అనుమతి పొందినవి. 2021 జూలైలో ఆమ్‌స్టర్‌డాములోని ఒక కాలువపై, రోబోటులు నిర్మించిన సుమారు 12 మీటర్ల తుప్పుపట్టని ఉక్కు కాలివంతెనను ప్రారంభించిరి. కొలది సంవత్సరములకు మాత్రమే ఉద్దేశింపబడిన ఆ వంతెన ప్రజల నడకను మోసి చూపినది. మనదేశమున బొంబాయి, హైదరాబాదు ఐ.ఐ.టి.లలో చాపముతో పేర్చుటను, యంత్రముతో చెక్కుటను జతపరచు పరిశోధనలు జరిగినవి.

ఈ చరిత్రవలన రెండు విషయములు తేటపడుచున్నవి. ఒక విద్య పుట్టుట వేరు, అది నమ్మదగినదగుట వేరు. ఈ రెంటి నడుమ నూరేండ్లు గడచినవి. ఆ నడిమికాలమున విద్యను నిలిపినవారు పేటెంటుదారులు మాత్రమే కారు. చాపపు ధ్వనినిబట్టి, కరగిన మడుగు రంగునుబట్టి తప్పును పసిగట్టిన వెల్డింగు పనివారును అందు భాగస్వాములు. రోబోటు నేడు వారి అనుభవమునే అంకెలుగా నేర్చుకొనుచున్నది.

ఈ విద్యకు తెలుగున స్థిరమైన పేరింకను ఏర్పడలేదు. స్లావ్యానోవ్ వాడిన మాటయే మనకు సులభముగా నొప్పును. ‘పోత’ యను పదము పోతపని, పోతవిగ్రహము అను మాటలలో ఇదివరకే ఇంటింట నున్నది. దానికి విద్యుత్తును చేర్చినచో ‘విద్యుత్పోత’ యగును. పరరాష్ట్రములందలి మన పాఠశాలలలో చదువు బాలుడు తన తండ్రి కార్ఖానాలో చేయు పనిని తన భాషలో చెప్పగలుగుట చిన్న విషయము కాదు. వాడుకలో లేని విషయమునకు భాషయు దూరమగును. మాట ముందు నిలిచినచో, విద్య వెనువెంట రాగలదు.